సిల్వియా అసలు రంగు

మా బావ గవర్రాజు ఈ లోకంలో చేసిన ఆఖరి పని, నాలుగు లైఫ్‌బోట్లనీ ఒక పొగగొట్టాన్నీ హార్లిక్స్ సీసాలో వేసి, అవి మునిగేదాకా డెట్టాలు పోసి, మూత బిగించడం. లైఫ్‌బోటు వేరుశనగకాయంత, పొగగొట్టం అగ్గిపెట్టంత. సీసాని వంటింటి అలమరలో ఉసిరికాయ పచ్చడి జాడీ పక్కన పెట్టి, మా అక్క తాయారుతో, “రేపొద్దుట దాకా ముట్టకు. నీళ్ల సుక్క కూడా తగలకూడదు,” అని చెప్పి, పూర్ణా మార్కెట్‌కి పళ్ల బ్రష్షు కొనడానికి వెళ్లాడు.

బ్రష్షులన్నిటి కుచ్చులూ బొటనవేలి మీద గీరి చూశాడట. ఇది మెత్తన, ఇది మరీ మెత్తన అని పక్కన పెట్టాడట. “చిగుళ్లు పాడైపోతాయి బాబూ, మెత్తందే మంచిది,” అని దుకాణంవాడు హితవు చెబితే, “పళ్లకి కాదు, ఓడకి,” అన్నాడట. అన్నిటికన్నా గరుకైనది ఏరి జేబులో పెట్టుకుని, కాసేపు కూర్చుంటానని పక్కనున్న ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. ఆ దుకాణంవాడు చాలా మంచివాడు. రిక్షాలో ఎక్కించి తీసుకొచ్చి, నన్ను పక్కకి పిలిచి, “పోయేముందు ఆయనకి మతి కొంచెం చలించిందండీ, ఓడకి పళ్లు తోముతానన్నాడు,” అని మెల్లగా చెప్పాడు. ఇది 1986లో సంగతి.

మా బావకి మతి చలించలేదు. నాకు తెలిసి ఆ రోజు ఆయనంత స్పష్టంగా ఏం కావాలో తెలిసిన మనిషి విశాఖపట్నంలో ఇంకొకరు లేరు.

ఆయనది విజయనగరం వైపు వ్యవసాయ కుటుంబం. పొలం చిన్నది, అన్నలు ఎక్కువమంది. ఆయన నాగలి వదిలి విశాఖపట్నం వచ్చి, పడవలు తయారుచేసే ఒక వర్క్‌షాపులో వడ్రంగం నేర్చుకున్నాడు. తర్వాత అక్కడికి రెజిన్ వచ్చింది. తేనెలాంటి ద్రవం అది. అందులో గట్టిపరిచే మందు కొన్ని చుక్కలు కలిపి అచ్చులో పోస్తే రాయిలా గడ్డకడుతుంది. కొయ్యలో చెక్కలేని సన్నపు వస్తువులు అందులో వస్తాయని కనిపెట్టిన రోజు నుంచీ ఆయన వేళ్లకి ఆ వాసన పోలేదు.

1972లో హార్బరుకి సిల్వియా అనే సరుకు ఓడ వచ్చింది. అందులో ఒక కేబిన్ తలుపు బిగుసుకుపోతే బాగుచెయ్యడానికి ఈయన్ని పంపించారు. నల్లటి పక్కలు, బిస్కెట్ రంగు గదులు, ఎర్రటి పొగగొట్టం, దాని మీద తెల్లకొంగ. అప్పుడే తోమిపెట్టిన గిన్నెలా ఎండలో మెరిసిపోతోందట. తలుపు పని ఒక పూటలో అయిపోయింది. బావ మాత్రం ఓడ కదిలిపోయేదాకా రోజూ వెళ్లాడు. పురికొస, పెన్సిలు పట్టుకుని, కనిపించినవన్నీ కొలిచాడు. అప్పటికి ఆయనకీ మా అక్కకీ పెళ్లయి నెల తిరగలేదు.

“కొత్తపెళ్లికూతుర్ని నాను ఇంట్లో ఉంటే, ఈయన ఎల్లి ఆ సిల్వియా నడుం కొలుస్తన్నాడు,” అని అక్క మా అమ్మ దగ్గర ఫిర్యాదు చేసింది. సిల్వియా ఎవత్తో కనుక్కు రమ్మని అమ్మ నన్ను పంపించింది.

వెళ్లి చూస్తే, వన్‌టౌన్‌లో పాత పోస్టాఫీసు వెనక సందులో వాళ్ల అద్దె ఇంటి వసారా అంతా ఓడ. పొట్ట భాగం టేకులో చెక్కాడు. సరుకులెత్తే వించీలు, గాలిగొట్టాలు, లైఫ్‌బోట్లు, నిచ్చెనలు అన్నీ రెజిన్‌లో పోశాడు. లైఫ్‌బోటులో కూర్చునే బల్లలు సైతం విడివిడిగా కనబడేవి. ఏడాది పట్టింది పూర్తికావడానికి.

ఓడల ఏజెన్సీ నడిపే నీలకంఠంగారి కంట్లో ఆ బొమ్మ పడింది. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్న మనిషి. విదేశీ కంపెనీల ఓడలు రేవుకి వస్తే వాటి పనులన్నీ ఆయన ఆఫీసు చూసేది. సిల్వియా కంపెనీ పనీ అప్పుడప్పుడే ఆయన చేతికి వచ్చింది. బొమ్మని కొనేసి ఆఫీసులో అద్దాల పెట్టెలో పెట్టించి, దాన్ని చూసుకునే ఉద్యోగం బావకే ఇచ్చాడు. ఆ మొదటి రోజు ఆయన కళ్లజోడు సర్దుకుని అడిగాడు:

“ఏవయ్యా గవర్రాజూ, ఈ కొంగ మెడ ఏవిటి ఎవరో పిసికినట్టుంది?”

నిజమే. మెడ మధ్యలో ఒక వంకర ఉంది.

“ఓడ మీద అలాగే ఉందండి.”

“పొరపాటేమో చూడు.”

“అంత పెద్ద కంపెనీకి తన గుర్తు తనకి తెలీదేటండీ? ఆళ్ల కొంగ అంతే.”

నీలకంఠంగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాడు. విదేశాల్లో కొంగలు ఎలా ఉంటాయో ఆయన మాత్రం ఎప్పుడు చూశాడు.

కొన్నాళ్లకి ఆ కంపెనీ ఓడలు ఇటు రావడం మానేశాయి. నీలం ఓడల కంపెనీ ఒకటి నీలకంఠంగారికి పని అప్పగించింది. వాళ్ల కెప్టెన్ ఆఫీసుకి రాబోతున్నాడని తెలిసి ఆయన బావని పిలిచాడు.

“ఈ బొమ్మకి నీలం వేసి, పొగగొట్టం పసుపు చేసి, పేరు మార్చెయ్యి.”

“ఇది సిల్వియా కదండీ.”

“సిల్వియా పోయిందిగా. వచ్చే కెప్టెన్‌కి ఆయన ఓడ కనబడాలి. ఓడలన్నీ ఒకలాగే ఉంటాయయ్యా, రంగే తేడా.”

“అలాగైతే పాత రంగు తీసీసి వేస్తానండి.”

“తియ్యడం ఎందుకు? పైన పూసెయ్. లోపల ఎవడు చూస్తాడు?”

“నాను సూత్తాను గదండీ,” అన్నాడు బావ.

మా బావ జీవితం అంతా ఈ ఒక్క మాటలో ఉంది. రంగు మీద రంగు పడితే లైఫ్‌బోటులో బల్లలు పూడిపోతాయి. నిచ్చెన మెట్లు కలిసిపోయి చెక్కముక్క అయిపోతుంది. “పూసుకుంటా పోతే ఓడ మిగల్దు, పూతరేకు మిగుల్తాది,” అనేవాడు. కాబట్టి కంపెనీ మారినప్పుడల్లా ప్రతి ముక్కా ఊడదీసి, రంగు తీసి, మళ్లీ వెయ్యవలసిందే.

రెజిన్ మీద రంగు తియ్యడం అనుకున్నంత సులువు కాదు. మొదటిసారి థిన్నర్‌లో వేస్తే ఒక వించీ ఎండలో బెల్లంముక్కలా జావకారిపోయింది. కాస్టిక్ సోడా పెడితే రంగుకన్నా ముందు ఆయన అరచేతుల తోలు ఊడింది. ఆటోనగర్ నుంచి బ్రేకు ఆయిలు తెచ్చి నానబెడితే రంగు వచ్చింది గానీ, నీలకంఠంగారి ఆఫీసంతా లారీ కంపు కొట్టింది. చివరికి ఒకరోజు చాకు తగిలి వేలు తెగితే బావ డెట్టాలు పోసుకున్నాడు. ఆ చేతిలోనే ఉన్న గాలిగొట్టం మీద రంగు చూస్తుండగానే మెత్తబడింది. వేలి సంగతి మరిచిపోయి అక్కని కేకేశాడు. ఆ వేలు తర్వాత చీము పట్టింది. మందు మొత్తం గాలిగొట్టానికే పోసేశాడు మరి.

డెట్టాలుకి ఒక నియమం ఉంది. రాత్రంతా నానబెట్టాలి. తీసిన ముక్కని డెట్టాలులోనే తడుపుతూ గరుకు బ్రష్షుతో తోమాలి. రంగు పూర్తిగా పోయాకనే సబ్బు, కుంకుడు రసం. అంతకుముందు నీళ్లు తగిలాయా, మెత్తబడిన రంగు తారులా మారి పట్టుకుంటుంది. ఇంట్లో అందరికీ ఈ నియమం కంఠతా వచ్చు.

సందులో వాళ్లకి మాత్రం రాదు. వాళ్లకి తెలిసిందల్లా గవర్రాజు ఇంట్లోంచి ఏడాదికి కొన్నాళ్లు ఆస్పత్రి వాసన వస్తుందని. ఎదురింటి అబ్బులు అరుగు మీంచి అరిచేవాడు:

“ఏటి బావా, మళ్లీ కాన్పేటి?”

“కాన్పు కాదు, తలంటు!”

“ఎవులికీ?”

బావ లోపలికి వచ్చేసేవాడు. అబ్బులుది జాలరిపేట. ఓడ బొమ్మ నీలకంఠంగారి ఆఫీసుకి వెళ్లిపోయాకే ఈ సందులో అద్దెకి దిగాడు. వాళ్లింట్లో అందరూ వేటకి వెళితే అతనొక్కడూ రేవులో చిప్పింగు పనిలో చేరాడు. ఓడ పక్కన పలక కట్టుకుని వేలాడుతూ, సుత్తితో తుప్పూ పాత రంగూ రాల్చే పని అది. ఇనప గోడ మీద సుత్తి మోతకి చెవులు సగం పోయాయి. అతనితో ఒక మాట చెప్పాలంటే సందు మొత్తానికి చెప్పాలి. అందుకని వాళ్లిద్దరూ అన్నేళ్లు ఎదురెదురుగా ఉండి, ఒకరు చిన్న ఓడకీ ఒకరు పెద్ద ఓడకీ రంగు గోకుతూ, ఓడల గురించి మాత్రం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సిల్వియా నీలం అయింది, బూడిద అయింది, తెలుపు అయింది, ఆఖరికి ఆకుపచ్చ అయింది. ఆకుపచ్చ కంపెనీ కెప్టెన్ ఒక ముసలి దొర. అద్దాల పెట్టె దగ్గర నిలబడిపోయి, తను కుర్రతనంలో పనిచేసిన ఓడ ఇదేనని, తన కేబిన్ ఇదిగో ఇదేనని చూపించి కళ్లు తుడుచుకున్నాడట. నీలకంఠంగారు ఆ ఏడాదంతా ఈ కథ వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. బావ నాకొక్కడికే చెప్పాడు.

“ఆయన ఏడుస్తంటే నాకూ ఏడుపొచ్చీసింది బామ్మర్దీ. ఆయన ఏడుపు ఏరు, నా ఏడుపు ఏరనుకో.”

“నీదెందుకు?”

“ఆయన వేలెట్టి సూపిన గది, నాను తలుపు బాగుసేసిన గది. సిల్వియాది. దాని మొకం దానికి ఒక్కపాలైనా తిరిగి ఇవ్వాల. ఆ నలుపు, ఆ ఎరుపు, ఆ కొంగ. ఆ పైన అది ఏమైనా పర్లేదు.”

ఆయన కోరిక అంతే. ఇల్లు కట్టాలని లేదు, సింహాచలం కొండకి మొక్కులేమీ లేవు. తను చేసిన ఓడ ఒక్కసారి తన అసలు రంగులో, అసలు పేరుతో ఉండాలి. “బొంబాయి నుంచి కొత్త బొమ్మ తెప్పించిన రోజున దీన్ని నువ్వే పట్టుకుపోవయ్యా,” అని నీలకంఠంగారు మాట ఇచ్చాడు. ప్రతి దీపావళికీ బావ అడిగేవాడు. ప్రతి దీపావళికీ ఆయన మిఠాయి పొట్లం ఇచ్చి, వచ్చే ఏడాది అనేవాడు.

చివరికి నీలకంఠంగారి అబ్బాయి ఏసీ ఆఫీసు కట్టించాడు. కొత్త బొమ్మ వచ్చింది. బావ తన ఓడకి అక్క చీర చుట్టి, పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని రిక్షాలో తెచ్చుకున్నాడు. సందు మొగలో అబ్బులు అడ్డం వచ్చాడు.

“ఎవులికి బావా బాగోనేదు?”

“బాగైపోయింది అబ్బులూ. ఇంటికి తెచ్చీసినాను.”

చీర కొంచెం తొలగించి చూపించాడు కూడా. ఆకుపచ్చ పక్కలు, నారింజ పొగగొట్టం చూసి అబ్బులు, “బొమ్మా! నాను మనిసనుకున్నాను,” అని నిరాశపడి వెళ్లిపోయాడు.

ఒక్కొక్క ముక్కా ఊడదీసి, నానబెట్టి, తోమి, ఆరబెట్టాడు. నలుపు, ఎరుపు, బిస్కెట్ రంగు మూడూ ముందే కలిపి మందు సీసాల్లో పెట్టుకున్నాడు. పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి కొంగకి అచ్చు తయారుచేశాడు. అన్నీ అయ్యాక మిగిలినవి నాలుగు లైఫ్‌బోట్లు, పొగగొట్టం. బ్రష్షు కుచ్చు అరిగిపోయింది.

ఆ తర్వాత సంగతి మొదటే చెప్పాను.

బావ మేనత్త సూర్యకాంతమ్మగారు కబురు అందగానే వచ్చి ఇంటి పెత్తనం తీసుకుంది. చావులకీ పెళ్లిళ్లకీ ఆవిడ లేనిదే జరగదు. శవం లేచాక ఇల్లు కడగాలి కదా. మగవాళ్లమంతా శ్మశానానికి వెళ్లాం. ఆవిడ బక్కెట్టు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. అలమరలో సీసా నిండా డెట్టాలు కనబడింది. మూత తీసి బక్కెట్టు నీళ్లలో కుమ్మరించి, గుమ్మం దగ్గర్నుంచి పెరడు దాకా శుభ్రంగా కడిగింది.

మేం తలస్నానాలు చేసి వచ్చేసరికి ఆవిడ కళ్లొత్తుకుంటూ అందరికీ చెబుతోంది: “ఎంత ముందుసూపమ్మా నా నాయనకి! తను పోతే ఇల్లు కడగడానికి డెట్టాలు కూడా సిద్ధంసేసి ఎల్లిపోయినాడు.”

అక్క లేచి బక్కెట్టు దగ్గరికి వెళ్లింది. పాలలా తెల్లబడ్డ నీళ్లు. అడుగున నాలుగు లైఫ్‌బోట్లు, పొగగొట్టం. చెయ్యి పెట్టి తీసింది. నారింజ రంగు జిగురై, చీపురు పుల్లల ముక్కలూ వెంట్రుకలూ అతుక్కుని, పీకినా రాకుండా ఉన్నాయి. శవం ఇంట్లో ఉన్నంతసేపూ నోరు విప్పని మా అక్క అప్పుడు గొల్లుమంది.

“నీళ్లు తగలకూడదని సెప్పినారు! సుక్క కూడా తగలకూడదని సెప్పినారు!”

“నీళ్లు తగిల్తే ఏటౌతాదమ్మా, మైల పోతాది,” అని సూర్యకాంతమ్మగారు ఒళ్లోకి తీసుకుంది. వచ్చినవాళ్లంతా అక్కకి మతి చలించిందనుకున్నారు. పళ్ల బ్రష్షు దుకాణంవాడు అక్కడే ఉన్నాడు. అతను తల పంకించాడు.

పెద్దకర్మ అయి చుట్టాలు వెళ్లిన మర్నాడు అక్క నన్ను పిలిచింది.

“తమ్ముడూ, డెట్టాలు పట్రా. పెద్ద సీసా.”

బావ చొక్కా జేబులోంచి తీసిన బ్రష్షు గూట్లో ఉంది. దాన్ని ఆవిడ తీసుకుంది, పాతది నాకు ఇచ్చింది. ఆ జిగురు వదలడానికి నానబెట్టిందే మళ్లీ మళ్లీ నానబెట్టాం. లైఫ్‌బోటులో బల్లల సందుల్లోది గుండుసూదితో తీశాం. నేను బడిలో పిల్లలకి ఓర్పు గురించి పాఠం చెబుతుంటాను. అక్క పక్కన కూర్చుని తోముతున్నప్పుడు ఆ పాఠంలో సగం నాకే రాదని తెలిసింది. చివరకి రెజిన్ తన తేనెరంగులో బయటపడింది. ఒక్క అంచు మొద్దుబారలేదు.

రంగులు ఆయన కలిపినవే. కొంగ దగ్గరికి వచ్చాక ఎక్స్‌రే అచ్చు పొగగొట్టం మీద పెట్టి నేను ఆగాను.

“అక్కా, ఈ మెడ కాస్త సరిచేస్తే బాగుంటుందేమో.”

ఆవిడ నా చేతి మీద ఒక్కటి వేసింది. “ఆయన వంకరన్నారు. వంకరే.”

వంకరగానే వేశాం. పేరు నేను రాశాను. ముందు గదిలో రేడియో బల్ల మీద పెట్టాం. పలకరించడానికి వచ్చిన నీలకంఠంగారు చాలాసేపు చూసి, “ఇది ఇలా ఉండేదా? నేనే మర్చిపోయాను,” అన్నాడు. సూర్యకాంతమ్మగారు మాత్రం, “కొంగకి పచ్చవాతం కొట్టినట్టుంది,” అంది. మా అక్క నవ్వింది. బావ పోయాక నవ్వడం అదే మొదలు.

వర్షాలు పట్టాక ఒక సాయంత్రం అబ్బులు వచ్చాడు. డెట్టాలు వాసన ఆగిపోయిందని, ఇంట్లో అంతా కులాసానా అని అడగడానికి. అక్క టీ ఇచ్చింది. గ్లాసు పట్టుకుని గది కలియజూస్తూ ఓడ దగ్గర ఆగాడు. వంగాడు. కళ్లు చిట్లించి పొగగొట్టం దగ్గరికి మొహం పెట్టాడు. ఇల్లు అదిరేలా నవ్వాడు.

“ఓలమ్మా! ఈ కొంగ నాదే!”

“నీదేటి అబ్బులన్నా?” అక్క గట్టిగా అడిగింది.

“నానే ఏసినాను! ఈ ఓడ మన రేవుకొచ్చినప్పుడు ఇలాగుండీది కాదమ్మా. ఒళ్లంతా బూడిద రంగు, పొగగొట్టం పసుపు. పేరూ ఇంకేటో. రేవులో ఉండగానే ఎవులికో అమ్మీసినారు. కొన్నోళ్లు నలుపూ ఎరుపూ కావాలన్నారు. మా గేంగు దిగినాం. అందినకాడికి గోకినాం, అందనికాడ పైన పూసీసినాం. కొంగకి కాయితం అచ్చిచ్చినారు. నాను పలక మీద ఏలాడి అంటిత్తంటే సముద్రం గాలి కొట్టి మెడకాడ కాయితం జారిపోనాది. రంగు ఆరిపోనాక సూసుకున్నాను. మేస్త్రి, ఒగ్గేయరా, అంతెత్తెక్కి ఎవుడు సూత్తాడూ, అన్నాడు.”

“తర్వాత?”

“తర్వాతేటుంది. వారం తిరక్కుండా పంపించీసినారు. మధ్యలో ఎవుడో వడ్రంగోడు కొలతలు తీత్తన్నాడని అనుకున్నారు, నాను సూడనేదు.”

అక్క ఓడ వంక చూస్తూ కూర్చుంది. బయట వాన పడుతోంది. నేను అబ్బులు చెవి దగ్గరికి వంగి, ఆ కంపెనీ మిగతా ఓడల మీద కొంగ ఎలా ఉండేదని అడిగాను.

అబ్బులు టీ ఆఖరి గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

“వాటికి మెడ సక్కగానే ఉండీది మేస్టారూ. వంకర దీనికొక్కదానికే.”